ఆరో నంబరు విమానంలో తాయత్తు

యుద్ధ విమానాన్ని విన్యాసాల ప్రదర్శనకు తయారు చేయాలంటే ముందు దాని పళ్లు పీకాలి. కడుపు కింది తుపాకీ తీసేస్తాం. రెక్కల కింద బాంబులు తగిలించే కొక్కేలు విప్పేస్తాం. తుపాకీ ఉన్న చోట పొగనూనె ట్యాంకు బిగిస్తాం. అందులో పోసేది కోరుట్ల బంకులో ట్రాక్టర్లకు పోసే డీజిల్ లాంటిదే. పైలట్ బటన్ నొక్కగానే అది సన్నటి గొట్టాల్లోంచి వెళ్లి, ఇంజను వెనక సలసలా మండే గాలిలో పడి పొగవుతుంది. ఊరికే పోస్తే తెల్లపొగ, రంగు కలిపితే కాషాయం, ఆకుపచ్చ. ఒక బరువు పోయి ఇంకో బరువు వచ్చింది కాబట్టి తూకం మళ్లీ లెక్క చూసుకోవాలి. తొమ్మిది విమానాలూ ఒకే తీరుగా నడవాలి. రెక్కకూ రెక్కకూ మధ్య నాలుగైదు గజాలే ఉంటాయి మరి.

వైమానిక దళంలో మూడేళ్లు నేను చేసిన పని ఇదే. మా వైపు మాత్రం నేను బాంబులు వేస్తానని పేరు. ఆ పేరు పెట్టింది సిరిసిల్లలో సాంచాలు నడిపే మా మేనమామ. మరమగ్గాల చప్పుడులో నలభై ఏళ్లు బతికిన మనిషి, ఏది చెప్పినా నాలుగు వీధులకు వినిపిస్తుంది. ఒకసారి సెలవులో వచ్చినప్పుడు ఆయనకు నిజం చెప్పాను.

"అంటే తుపాకి విప్పి డీజిల్ పోస్తవా?"

"గంతే మామా."

"గది బయట చెప్పకు అల్లుడా" అన్నాడు.

మా అమ్మ బాధ వేరు. మోటరు సైకిలు కొన్నా వేములవాడకు తీసుకుపోయి పూజ చేయించనిదే ఎక్కనివ్వని ఇల్లు మాది.

"మీ విమానాలకు నిమ్మకాయలన్న తొక్కిస్తరారా?" అని అడిగేది.

"తొక్కియ్యరు."

"అయ్యో! తలకిందులు ఎగురుతరంటివి గదరా. ఆళ్లకు తల్లులు లేరా?"

ఆ ఏడు మా జట్టు ప్రదర్శన పట్నంలో పడింది. మామ ఒక తుఫాన్ బండి మాట్లాడాడు. కోరుట్ల నుంచి, మేడిపల్లి నుంచి పదకొండు మంది సర్వపిండి మూటలతో సహా పొద్దున్నే దిగారు. గేటు దగ్గరికి వెళ్లి కలిశాను. అమ్మ కొంగుముడి విప్పి ఒక తాయత్తు తీసింది. చిటికెన వేలిలో సగమంత రాగి గొట్టం, దానికి నల్లదారం. ముందు రోజే జగిత్యాల పోయి, తనకు గురి ఉన్న దర్గా సాబు దగ్గర చేయించుకొచ్చిందట.

"ఇగో, గిది విమానంల కట్టు."

"అవ్వా, గసొంటియి నడువయి. ఉద్యోగం పోతది."

"పోదు, కట్టు. నీ చేతులకెళ్లి పోయిన బండి మంచిగ తిరిగి రావాలె. కింద మాత్రం పెట్టకు కొడుకా."

"తొమ్మిదిట్ల దేనికి కట్టుమంటవ్?"

"ఏదో ఒక దానికి. దేవునికి తెల్వదా?"

పదకొండు మంది ముందు వాదించలేక చొక్కా జేబులో వేసుకున్నాను. కట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ మాట ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను.

లోపలికి పోయేసరికి ఆరో నంబరు విమానంలో పొగనూనె గొట్టం ఒకచోట చెమ్మగిల్లిందన్నారు. వీపు మీది రేకు విప్పి, బొర్లా పడుకుని, తల లోపలికి పెట్టి బిగించాలి. విమానం మీద చేయి వేసేముందు జేబులు ఖాళీ చేయాలన్నది మాకు మొదటి రోజు నేర్పే పాఠం. విమానం తలకిందులైనప్పుడు లోపల ఒక్క చిల్లర నాణెం దొర్లినా ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవరూ చెప్పలేరు. పెన్ను తీశాను. ఫోను తీశాను, చిల్లర తీశాను, దువ్వెన కూడా తీసి పళ్లెంలో పెట్టాను. తాయత్తు తీయలేదు. ఆ పళ్లెం నేల మీద ఉంది. కింద పెట్టొద్దంది అమ్మ. అసలు సంగతి ఇంకొకటి. అది నా లెక్కలో వస్తువే కాదు. దేవుడిని ఎవడైనా దువ్వెన పక్కన పెట్టి లెక్కిస్తాడా? పని ముగించి, రేకు బిగించి, సంతకం పెట్టాను.

విమానాలు లేవడానికి గంట ఉందనగా అమ్మ ఫోన్ చేసింది.

"కట్టినవా?"

జేబు తడుముకున్నాను. లేదు. రెండో జేబులో లేదు. ప్యాంటులో లేదు. విమానం చుట్టూ వంగి నేలంతా వెతికాను. ఒక పక్క మనసు, 'గేటు దగ్గరే పడిపోయుంటుంది, నోరు మూసుకో' అంటోంది. చెప్తే జట్టులో నా పని అయిపోతుంది. చెప్పకపోతే, ఆ విమానం నడిపే సారు నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, పొద్దున నా చేతి టీ తాగి వెళ్లాడు. ఆ క్షణంలో మా అమ్మ మీద వచ్చిన కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. వెళ్లి మా పెద్దాఫీసరుకు చెప్పాను.

"ఏం పోయింది? స్పానరా?" అన్నాడు హిందీలో.

"తాయత్తు సార్."

ఆయన రిజిస్టరు తీసి, వస్తువు పేరు రాయాల్సిన గడిలో ఏం రాయాలో తెలియక, 'రాగి గొట్టం, ఒకటి' అని రాసుకున్నాడు. ఆరో నంబరు ఆగిపోయింది. బదులుగా తెచ్చిన విమానం ముందు రోజే పంపు పాడై మూల కూర్చుంది. ఎనిమిదే లేచాయి.

జనం కేకలు వినిపిస్తున్నాయి. నేను మాత్రం టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకుని విమానం వీపులో తలపెట్టి ఉన్నాను. నా పెట్టెలో ఫోన్ మోగీ మోగీ ఆగింది. మామే అయ్యుంటాడు, ఆయనకు తొమ్మిదని చెప్పింది నేనే. ఆరో నంబరు సారు ఎగిరే దుస్తుల్లోనే నిచ్చెన కింద నిలబడ్డాడు. నేను జారకుండా నిచ్చెన పట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

అద్దంలో ముందు నల్లదారం కనిపించింది. తోకను తిప్పే కడ్డీ అటూ ఇటూ కదిలే సందులో, సరిగ్గా కదిలే చోటే, తాయత్తు నిలువుగా దిగి ఉంది. సారును పైకి పిలిచి చూపించాను. ఆయన చూశాడు. తన చేత్తోనే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నాకు ఏడుపాగలేదు. సిగ్గు లేకుండా విమానం మీద కూర్చుని ఏడ్చాను.

"ఎవరిది?" అన్నాడు.

"మా అమ్మ ఇచ్చింది సార్. మీకేమీ కాకూడదని."

నెల తిరక్కముందే నన్ను జట్టులోంచి తీసేశారు. తీయాల్సిందే. ఆ సాయంత్రం మాత్రం సారు మా అమ్మను చూస్తానన్నాడు. గేటు దగ్గరికి తీసుకెళ్లాను. మామ అప్పటికే బండి దిగి ఎదురొచ్చాడు.

"అల్లుడా, ఎనిమిదే లెక్కవెట్టిన. ఒకటి యాడ వోయింది?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. మామ జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి "అరెరే" అన్నాడు. అమ్మ 'తప్పు నీదే' అంటుందేమో, లేకపోతే దేవుడే ఆపాడని వాదిస్తుందేమో అనుకుని, రెండింటికీ కోపంగా జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె సారు ముఖంలోకి చూస్తూ నన్ను అడిగింది.

"గీ ఎగురుడు ఫోన్లల్ల సుత చూపెట్టిండ్రా?"

"ఆ, లైవ్ వచ్చింది."

"ఈ సారు వాళ్లవ్వ చూసిందా?"

హిందీలో అడిగాను. వాళ్లమ్మ ప్రతి ప్రదర్శనా చూస్తుందని, తన విమానం నంబరు ఏదో ఆమెకు తెలుసని సారు చెప్పాడు.

"మరి ఎనిమిదే కనవడె గదరా. ఆమెకెవలన్న చెప్పిండ్రా?"

ఆ మాట నేను సారుకు హిందీలో చెప్పాను. ఫోన్ ఆయన పొద్దున్నే లాకరులో పెట్టేశాడు. తాయత్తు పట్టుకున్న చేయి అలాగే బిగించి లోపలికి పరుగెత్తాడు.