మొదటి సీసాలో లేతాకు

నా థీసిస్ మీద ఒట్టు. నవ్వకండి... అప్పట్లో నాకు అంతకంటే విలువైనది లేదు.

అరవైల్లో మాట. వికారాబాద్ గుట్టల్లో ఫెర్న్ మొక్కల వెంట తిరిగేదాన్ని. ముడుచుకున్న లేతాకు, విచ్చుకున్న ఆకు, వెనక గోధుమరంగు పొడిలా సిద్ధబీజాలు, అంటే ఫెర్న్‌కు విత్తనాల్లాంటివి, కట్టిన ముదురాకు... వయసుతో ఆకులోని కొవ్వు ఆమ్లాలు ఎలా మారతాయో తేల్చాలి. కోసిన వెంటనే స్పిరిట్‌లో వేయకపోతే నూనె చెడిపోతుంది. వానలు వెళ్ళిపోతున్నాయి. ఆ రోజు దొరికింది ఒక్కటే లేతాకు. అది పోతే నా ఏడాది పోయినట్టే.

గొర్రెలు కాసే మల్లవ్వ నాకు తోడు. బస కూడా వాళ్ళింట్లోనే. ఒకే మొక్క నుంచి మూడూ కోస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"గట్ల చెయ్యకు బిడ్డా. తల్లిని, పిల్లను ఒక్కపారే తీస్తరా? మేం గొర్రెను, పిల్లను ఒక్కదినం అమ్మం."

"ఇది గొర్రె కాదవ్వా, ఆకు!" అన్నాను. అంత తెలివి నాది.

రాత్రి ఆ ఆకులు వేసిన మూడు సీసాలూ తలాపున పెట్టుకున్నాను. బిరడాలకు మైనం వేసి మరీ. మల్లవ్వ గురక... దొడ్లో గొర్రెల కదలిక... ఉన్నట్టుండి రెండూ ఆగిపోయాయి.

టిక్.

ఎలుకేమో అనుకున్నాను. మళ్ళీ... టిక్. గాజు మీద గోరు తగిలినట్టు. సీసా లోపల్నుంచి.

చెయ్యి చాచాను. మొదటిది, లేతాకు సీసా... వెచ్చగా ఉంది. పసిపిల్ల ఒంటిలా.

"మల్లవ్వా..."

"ఇన్న బిడ్డా." అది నిద్రలో గొంతు కాదు. "ముట్టకు. దీపం గిట్ల పెట్టకు."

తెల్లారేదాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు.

వెలుగొచ్చాక చూశాం. మైనం చెక్కుచెదరలేదు. లోపల లేతాకు పూర్తిగా విచ్చుకొని ఉంది. సరే, స్పిరిట్‌లో నాని విచ్చుకుందనుకుందాం. మరి సీసా అడుగున గోధుమరంగు పొడి? సిద్ధబీజాలు! లేతాకుకు ఎక్కడివి? సీసాలు తారుమారు చేశానా? మిగతా రెండింట్లో వాటి ఆకులు వాటికే ఉన్నాయి.

మల్లవ్వ ఒక్క మాటే అంది. "దాన్ని గాడనే పెట్టి రా బిడ్డా."

పెట్టలేదు. తాండూరు నుంచి వచ్చే రైలెక్కి పట్నం పోయాను. ఆ ఆకు నూరి, నూనె తీసి, చీటీ మీద 'లేతాకు' అనే రాశాను. సిగ్గుగానే ఉంది... కానీ డిగ్రీ కావాలి కదా.

డిగ్రీ వచ్చింది. థీసిస్ నా బీరువాలోనే ఉంది. ఆ లేతాకు లెక్కలున్న ఒక్క పేజీ మాత్రం ఇన్నేళ్ళలో తెరవలేదు. ఆ రోజు నేనేం నూరానో... నాకు ఇప్పటికీ తెలియదు.