డాన్స్ ఫ్లోర్ మీద కుర్చీలు

పగలు కెనడాలోని కనాటాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటూ, వారాంతాల్లో బార్లలో ఇంగ్లీషు కంట్రీ పాటలు పాడే తెలుగావిడ అంటే మావాళ్ళకు ఇప్పటికీ నవ్వులాటే. తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లో గిటార్ బయటికి తీయగానే "ఏదైనా సినిమా పాట పాడకూడదా?" అంటారు. నా పాటల్లో మొగుడు తాగుతాడు, పెళ్ళాం వదిలేసి పోతుంది. అవి విని మా ఆయన్ని పక్కకు పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగినవాళ్ళు ఉన్నారు. బార్లలో పాడే ఈ హాంకీటాంక్ పాటలంటేనే అవి, నేనేం చేయను? ఆ ఏడుపు పాటలకే జనం జంటలుగా లేచి డాన్స్ చేస్తారు. పాడేవాళ్ళ మొహం ఎవరూ చూడరు. డాన్స్ ఫ్లోర్ నిండితే బీరు అమ్ముడవుతుంది, బీరు అమ్ముడైతే మనకు మళ్ళీ పిలుపు వస్తుంది.

ఊరు దాటాక ఒక పాత బార్ ఉంది. అక్కడ శనివారం మధ్యాహ్నాలు పాడే ముసలాయన ఈమధ్యే మానేశాడు. ఓనర్ ఒక పెద్దావిడ. ఒక్క శనివారం పాడి చూపించు, ఫ్లోర్ నిండితే ఇక ప్రతి శనివారం నీదే అంది. ఇన్నేళ్ళూ వీళ్ళ పెళ్ళికీ వాళ్ళ పార్టీకీ స్పీకర్లు మోసుకుంటూ తిరిగినదాన్ని. నాదంటూ ఒక చోటు ఉంటుందని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

"కొంతమందిని తీసుకురా. ఫ్లోర్ ఖాళీగా కనపడకూడదు," అని మా ఆయనకు చెప్పాను. అంతకంటే విడమరచి చెప్పాలని నాకు తట్టలేదు.

తెచ్చాడు. మా వీధిలో తెలుగువాళ్ళందరినీ తెచ్చాడు. పిల్లలు, పెద్దలు, పట్టుచీర కట్టుకుని ఎదురింటి ఆంటీ. నేను మొదటి పాట ఎత్తుకునేసరికి టేబుళ్ళ దగ్గరి కుర్చీలన్నీ లాక్కొచ్చి, డాన్స్ ఫ్లోర్ మీద వరసలు వేసి, కచేరీకి కూర్చున్నట్టు కూర్చున్నారు. పాడుతూనే కళ్ళతో, గడ్డంతో లేవమని సైగలు చేశాను. మా ఆయన ముందు వరసలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. డాన్స్‌కు లేచిన ఒక తెల్లజంటను ఆంటీ చేయి పట్టుకుని ఆపి, "సిట్, సిట్. షి ఈజ్ సింగింగ్," అంది. వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు. ఇక లాభం లేదని, పాట అవగానే మైకులోనే తెలుగులో "దయచేసి లేవండి" అన్నాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టి, మళ్ళీ కూర్చున్నారు.

ఆఖరున నేను రాసుకున్న పాట పాడాను. ఒకావిడ సూట్‌కేసు వెనక సీట్లో పెట్టుకుని, కిరాణా షాపు పార్కింగ్ లాట్లో ఇంజన్ ఆపకుండా కూర్చుంటుంది. ఇంటికి వెళ్ళాలో, వెళ్ళిపోవాలో తేల్చుకోలేదు. ఎన్నో బార్లలో ఆ పాటకు జనం గిరగిరా తిరిగారు. ఇక్కడ మాత్రం చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆంటీ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఓనరమ్మ మర్యాదస్తురాలు. మీవాళ్ళు ఎంత శ్రద్ధగా విన్నారో అని మెచ్చుకుంది. అయితే మధ్యాహ్నమంతా మంచినీళ్ళూ ఫ్రెంచ్ ఫ్రైసూ తప్ప ఏమీ అమ్ముడు కాలేదని, తన బార్‌కు కావలసింది వినేవాళ్ళు కాదని చెప్పింది. శనివారాలు ఇంకెవరికో ఇచ్చేసింది.

కారెక్కగానే మా ఆయన మీద విరుచుకుపడ్డాను. హైవే ఎక్కేదాకా తిడుతూనే ఉన్నాను.

"వినడానికి కాకపోతే పాడటం దేనికి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాలేదు మనిషికి.

నేను సీటు వెనక్కి వాల్చుకున్నాను. కాసేపటికి అతనే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"ఎప్పుడూ వెనకాల సౌండ్ అడ్జస్ట్ చేసుకుంటూ ఉంటాను కదా, ముందు కూర్చుని లిరిక్స్ సరిగ్గా విన్నది ఇవాళే. ఆ పార్కింగ్ లాట్ పాటలో ఉన్నది నువ్వేనా?"

శనివారాలు పోయిన కోపంలో ఉన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. అవునన్నాను.