కోడియాక్ పొగమంచులో అమ్మ డ్రైవింగ్

మా చిన్నప్పుడు... ఒక జులై మధ్యాహ్నం, అలాస్కాలోని కోడియాక్ దీవిలో, అద్దె కారు కిటికీకి ముక్కు ఆనించి గద్దలను చూస్తున్నాను. వేరేచోట్ల కాకులు వాలినట్టు అక్కడ తెల్లతల గద్దలు వాలి ఉంటాయి... కరెంటు స్తంభాల మీద, పడవల మీద, చివరికి చెత్తడబ్బాల మీద కూడా.

అప్పుడు మేం బాతెల్ అనే ఊళ్లో ఉండేవాళ్లం, సెలవులకు కోడియాక్ వచ్చాం. నాకు తొమ్మిదేళ్లు. రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా వెళ్లి చూడటం నాన్నకు సరదా. "ఆ ఐలాండ్‌లో రోడ్లే కొన్ని. అన్నిటి చివర్లూ చూసేయొచ్చు" అని మమ్మల్ని బయలుదేరదీశారు.

అమ్మకు లైసెన్స్ వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంటి నుంచి నా స్కూలుకీ, ఇండియన్ షాపుకీ తప్ప ఎక్కడికీ నడిపేది కాదు. ఫ్రీవే పేరెత్తితే తాళాలు నాన్నకు ఇచ్చేసేది.

ఆ దారి ఎంత బాగుండేదో... ఒకవైపు పచ్చటి కొండలు, వాటి నెత్తిన కరగని మంచు చారలు. ఇంకోవైపు సముద్రం. రోడ్డు పక్కన గులాబీరంగు పూలు నా ఎత్తున పెరిగి ఉన్నాయి. వాగు కనిపించిన ప్రతిచోటా నాన్న కారు ఆపేవారు. ఎదురీదే చేపలను చూస్తూ అమ్మ అలాగే నిలబడిపోయేది.

తారు రోడ్డు పోయి గులకరాళ్ల రోడ్డు వచ్చింది. దాని చివర నల్లటి ఇసుక తీరం. మేం తప్ప మనిషన్నవాడు లేడు. దుప్పటి పరిచి, స్టీలు డబ్బా తెరిచి, పులిహోర తిన్నాం. మరచెంబులో మజ్జిగ తాగాం.

తిన్నాక నాన్న ఫోటో తీయడానికి రాళ్ల మీదకు ఎక్కారు. నాచు మీద కాలు జారింది. కుడికాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని మెలిపడింది. ఆయన కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

అమ్మా నేనూ చెరో పక్కా పట్టుకుని కారు దాకా తెచ్చాం. మడమ పైన చూస్తూండగానే బూరెలా వాచింది. అమ్మ తన చున్నీ చింపి కట్టు కట్టింది. అంతలో సముద్రం మీంచి పొగమంచు లేచి వచ్చి, ముందు కొండలను, తర్వాత రోడ్డును కమ్మేసింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

"ఎవరో ఒకరు వస్తారులే, వెయిట్ చేద్దాం" అన్నారు నాన్న. ముఖం పాలిపోయి ఉంది.

అమ్మ ఆయన కాలివేళ్లు పట్టుకు చూసింది. "చల్లబడుతున్నాయండీ. ఈ మంచులో ఎవరొస్తారు? కీస్ ఇలా ఇవ్వండి."

"నువ్వు గ్రావెల్ మీద ఎప్పుడూ డ్రైవ్ చేయలేదు, సుజాతా."

"మీరూ ఎప్పుడూ కాలు విరగ్గొట్టుకోలేదుగా."

నాన్న వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చున్నారు. అమ్మ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. "నీ వైపు రోడ్డు అంచు చూస్తూ చెప్పు తల్లీ. కనపడకపోతే కనపడట్లేదను. గెస్ చేయకు."

కారు నడకంత నెమ్మదిగా కదిలింది. లైట్ల ముందు తెల్లటి గోడ... నా వైపు గడ్డి, దాని కింద ఎక్కడో సముద్రపు హోరు. "అమ్మా, గడ్డి క్లోజ్‌గా ఉంది" అంటే అమ్మ కొంచెం ఎడమకు తిప్పేది. "కనపడట్లేదు" అంటే ఆగిపోయేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఒకచోట ఎదురుగా ఏదో నల్లగా కదిలింది. ఎలుగుబంటి అనుకుని నేను కాళ్లు పైకి లాక్కున్నాను. మంచు కాస్త విడితే బైసన్లు, అడవిదున్నల్లాంటివి, పెద్ద మంద... రోడ్డంతా అవే.

"హారన్ కొట్టు" అన్నారు నాన్న.

"వద్దండీ. బెదిరితే మన మీదకే వస్తాయి." అమ్మ లైట్లు తగ్గించి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. వెనక నుంచి నాన్న మూలుగు వినిపిస్తోంది. అమ్మ పెదవులు బిగించింది గానీ కదల్లేదు. ఆ కొండంత జంతువులు ఒక్కొక్కటే మా బంపర్ పక్కనుంచి దాటాయి. ఆఖరున ఒక దూడ ఆగి, మా అద్దంలోకి చూసింది.

"ఎంత ముద్దుగా ఉందో చూడు" అంది అమ్మ గుసగుసగా. నా భయం అక్కడే పోయింది.

తారు రోడ్డు తగిలాక మంచు పలచబడింది. ఊళ్లో ఆసుపత్రికి చేరాం. ఎముక విరిగిందని, రక్తం సరిగా ఆడటం లేదని, ఇంకా ఆలస్యమైతే కాలికే ముప్పు వచ్చేదని డాక్టర్ చెప్పింది. అప్పుడు అమ్మ వరండాలో కూర్చుంది. మంచినీళ్లు నేనే తాగించాను. కాసేపటికి తేరుకుని, అటుగా వచ్చిన నర్సును ఇంగ్లీషులో అడిగింది... ఊరికి అవతలి వైపు వెళ్లే రోడ్డు కూడా ఇంత అందంగా ఉంటుందా అని.

నాన్నను డిశ్చార్జ్ చేశాక ఆ రోడ్డు చివరకూ అమ్మే తీసుకెళ్లింది. నాన్న కట్టు కాలితో వెనక కూర్చుని "స్లో, స్లో" అంటూనే ఉన్నారు. అమ్మ మాత్రం కిటికీ దించి, జుట్టు ఎగురుతుంటే, ఏదో కూనిరాగం తీస్తూ నడిపింది. మా అమ్మ పాడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నేను ప్లేనోలో ఉంటున్నాను. మా కారు రోడ్డు మీది గీత దాటితే తనే చెబుతుంది, మంచు పడబోతుంటే ఫోన్ ముందే చెబుతుంది. అమ్మ వచ్చినప్పుడు "నువ్వే డ్రైవ్ చెయ్యి, నాకిప్పుడు కళ్లు ఆనట్లేదు" అని పక్క సీట్లో కూర్చుని, కాసేపటికే నిద్రపోతుంది. నేను పాటలు ఆపేసి, గుంతలు చూసుకుంటూ నెమ్మదిగా పోనిస్తాను...

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... ఎప్పుడూ పక్క సీట్లో కూర్చుంటూ, ఒక్కరోజు తాళాలు అందుకుని అందరినీ ఒడ్డుకు చేర్చినవాళ్లు. వాళ్ల గురించి రాయండి... చదవాలని ఉంది.