థర్మోస్టాట్‌కు ఊలు ముసుగు

అది 2004 ఎండాకాలం. మేడ్చల్‌లో నాది కూలర్ల రిపేరు దుకాణం. ఆ సీజన్‌లో నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. అలాంటి ఒక మధ్యాహ్నం సూరారం నుంచి డేవిడ్ అనే ఫ్యాక్టరీ కార్మికుడు వచ్చాడు.

"అన్నా, నా బిడ్డ నెలలు నిండకముందే పుట్టింది. మొన్ననే దవాఖానల నుంచి ఇంటికి తెచ్చినం. బిడ్డ పండుకునే అర్ర ఉడకపొయ్యొద్దు, మస్తు సల్లగ గావొద్దన్నడు డాక్టరు. కూలర్ పెడితే సలి, బంద్ జేస్తే ఉడుకు. ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

చలి తగిలితే పిల్ల పాలు తాగదు. బరువు తగ్గితే మళ్లీ దవాఖానే. ఆ మాట చెప్పి అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

కొంపల్లిలో ఒక విల్లాలో ఏసీ మార్చినప్పుడు తీసిన ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్ నా దగ్గర ఉంది. గది వేడిని కొలుస్తూ, ఏ వేళకు ఎంత ఉండాలో మనం చెప్పినట్టు యంత్రాన్ని నడిపించే డబ్బా అది. దానికి ఒక రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి తీసే స్విచ్ కలిపి, సూరారంలో వాళ్లింటికెళ్లి డబ్బాను గోడకు బిగించి, వైర్లతో కూలర్‌కు కలిపాను. మధ్యాహ్నానికో లెక్క, తెల్లవారుజాముకో లెక్క పెట్టాను.

డేవిడ్ తల్లి మరియవ్వ నా పనంతా కన్నార్పకుండా చూసింది.

"గీ డబ్బనే సూసుకుంటదా బిడ్డను?"

"సూసుకుంటది అవ్వా. నువ్వు నిమ్మళంగ ఉండు."

కొన్ని రోజులకు డేవిడ్ ఫోన్ చేశాడు. "అన్నా, కూలర్ ఆగుతలేదు. బిడ్డ కాళ్లు సల్లబడ్డయి. జల్దీ రా!"

చేతిలో పని వదిలేసి బయలుదేరాను. నేను వెళ్లేసరికి కూలర్ ఇంకా ఆగలేదు, నేను బిగించిన వైర్లు ముట్టుకోవడానికి ఇంట్లో అందరికీ భయం. వాళ్లకున్న ఆ ఒక్క గదీ వణికిస్తోంది. డేవిడ్ భార్య సునీత పిల్లను గుండెకు హత్తుకుని ఏడుస్తోంది. "పొద్దుగాల్నుంచి పాలు ముడ్తలేదన్నా." ముందు కూలర్ ఆపేశాను. రిలే బాగానే ఉంది, వైర్లూ బాగానే ఉన్నాయి. మరి థర్మోస్టాట్ ఏది?

గోడ మీద గులాబీ రంగు ఊలు ముసుగు కనిపించింది. లోపల మందపాటి గుడ్డతో అస్తరు కూడా ఉంది. ఆ ఇంట్లో టీవీకి, ఫ్రిజ్‌కు, మిక్సీకి అన్నింటికీ ముసుగులే. ముసుగు ఊడదీసి చూస్తే, డబ్బాలో పుట్టే కాస్త వేడి బయటికి పోక ఊలు లోపల థర్మోస్టాట్ వెచ్చగా ఉంది. గది చల్లబడిన సంగతి దానికి తెలియలేదు, కూలర్‌ను నడిపిస్తూనే ఉంది.

నాకు ఒళ్లు మండింది. "ఎవరు తొడిగిండ్రు గిది?"

మరియవ్వ లేచి నిలబడింది. "నేనే బిడ్డా. దుమ్ముకు ఖరాబైతదేమోనని. మా పిల్లను కాపాడేటిది గదా, దాన్ని మంచిగ సూసుకోవాలె గదా..." అంటూనే నా మొహం చూసి ఆగిపోయింది. "అయ్యో! నా చేతుల్తోనే సలి పెట్టిన్నా?"

ఇంకేం తిడతాను? "ఏడ్వకవ్వా. ముసుగు తొడగొద్దని నీకెవరన్న చెప్పిండ్రా ఏంది?" అన్నాను.

సునీత నా చేతిలోంచి ఆ ముసుగు తీసుకుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది. పిల్ల తలకు తొడిగితే చక్కగా పట్టింది.

"సూడు అత్తమ్మా, గీ పిల్లకే అల్లినట్టున్నవ్."

గది వెచ్చబడ్డాక పిల్ల పాలు తాగింది. ఆ గుటకల చప్పుడు వినేదాకా నేనూ కదల్లేదు.

అప్పటి నుంచి ఎక్కడ థర్మోస్టాట్ బిగించినా, ముందు ఆ ఇంటి అవ్వను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. బిడ్డను ప్రేమించే చేతులు ఊరికే ఉండవని నాకు తెలుసు.

"దీనికి మాత్రం సలి తగలనియ్యాలె అవ్వా," అంటాను. "బిడ్డకు తగలొద్దంటే."