మా మామ పెట్టిన ఎర్ర చుక్కలు

మా మామ పోయారన్న కబురు హరూరు బస్సు కండక్టరు తెచ్చాడు. పోయిన నెల ఒక పొద్దున, బస్సును ధర్మపురి స్టాండులో నిలిపేసి, మా షెడ్డు దాకా నడిచి వచ్చి నా కుట్టు మిషను ముందు నిలబడ్డాడు. ఇరుసు విరిగిన లారీని చూడడానికి హరూరు వెళ్ళిన మామ పని మధ్యలో అలసటగా ఉందని ఒక టైరు మీద కూర్చున్నారట, నీళ్ళు అడిగి తాగారట, అంతే. కండక్టరు చెప్తూనే ఉన్నాడు, నా కాలు మాత్రం పెడలు మీద నుంచి లేవలేదు. సూది దాని పాటికి అది జానెడు దూరం వంకరగా కుట్టుకుంటూ పోయింది. నేను కుడుతున్న ఆ లారీ తార్పాయి ఇంకా నా దగ్గరే ఉంది, ఆ కుట్టు విప్పడానికి చేతులు రాలేదు.

మామ అంటే నా పెనిమిటి తండ్రి. లారీలు బాగుచేసే మేస్త్రి. నేను కాపురానికి వచ్చేనాటికి నాకు రవికలు కుట్టడం తప్ప మరేమీ రాదు. మా ఆయన లారీ ఎక్కి బొంబాయి వెళ్తే నెలకు గాని తిరిగి వచ్చేవాడు కాదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నేను మొహం ముడుచుకుంటుంటే, మామ ఎక్కడి నుంచో బండెడు బరువున్న పాత మిషను ఒకటి తెచ్చి షెడ్డులో ఒక మూల వేయించారు. రవిక కుట్టే చేతికి లారీ రవిక ఎంత పని అన్నారు. ఆనాటి నుంచి లారీల మీద కప్పే తార్పాయిలు, సీట్ల గుడ్డలు నావి, ఇంజన్లు ఆయనవి. ఆడపిల్ల షెడ్డులో కూర్చోవడమేమిటని బంధువులు నసిగితే, నా కోడలు కూర్చున్నది మిషను ముందర, మీ నెత్తి మీద కాదు కదా అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆయనకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. ఇక్కడ బడుల్లో చెప్పేది తమిళమే, మాలో చాలామందికి అంతే. మా అమ్మ కుప్పం వైపు మనిషి కాబట్టి నాకు అక్షరాలు వచ్చాయి, ఇది రాస్తున్నాను. ఆయనే ఉండి ఉంటే చదివి వినిపించమనేవారు. విని, ఎక్కడ సొంతంగా కలిపి రాశావో అక్కడ చుక్క పెట్టు అనేవారు.

ఆ చుక్క సంగతి చెప్పాలి. మామ చొక్కా జేబులో తలనొప్పి మందు డబ్బీ ఒకటి ఎప్పుడూ ఉండేది. అందులో మందు ఉండదు, ఎర్ర రంగు ఉంటుంది. పక్కనే ఒక అగ్గిపుల్ల. బండితో పాటు వచ్చిన సామాను తీసేసి వేరే బండిదో, పాతదో, తాను సొంతంగా చేసిందో బిగిస్తే, దాని మీద బొట్టు పెట్టినట్టు ఒక ఎర్ర చుక్క పెట్టేవారు. బండి ఓనరును పిలిచి, వంగోబెట్టి, చుక్కలన్నీ చూపించి గాని తాళం చెవి ఇచ్చేవారు కాదు. పక్క షెడ్లవాళ్ళు నవ్వేవారు. "మార్చేది తప్పు కాదు, దాచేది తప్పు" అనేవారు మామ. పోయిన ఏడు పళ్ళ సెట్టు కట్టించుకున్నప్పుడు అద్దంలో చూసుకుని, దీనికీ ఒక చుక్క పెట్టాల కదమ్మా అంటే, మా అత్త ఆ పూట అన్నం వడ్డించకుండా నవ్వుతూ కూర్చుంది.

ఆయన ఎలాంటి మనిషో చెప్పాలంటే పట్టాళం బండి, అంటే మిలిటరీ లారీ, కథ ఒక్కటి చాలు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నలభై ఏళ్ళవుతున్న రోజులవి. పెన్నాగరం పక్క నుంచి ఒక సుబేదారు వచ్చారు. రిటైరైన మనిషి, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. వయసులో ఉండగా బర్మా యుద్ధంలో లారీ తోలారు. తొడ ఎముక విరిగితే ఇనుప కమ్మీ వేసి పంపారు, కొంచెం కుంటుతారు. ఆయన తోలిన రకం బండే ఒకటి యుద్ధమయ్యాక వేలంలో హరూరు చింతపండు వ్యాపారి చేతికి వచ్చిందట, ముప్పై ఏళ్ళు మూటలు మోసి, గోడౌను వెనక తుప్పు పట్టి పడి ఉందట. దాన్ని కొని, ఎడ్లు కట్టి లాగించినంత పని చేసి మా షెడ్డుకు తెచ్చారు. కోళ్ళు గుడ్లు పెట్టుకున్న బానెట్టు తప్ప అందులో చూడదగిందేమీ నాకు కనిపించలేదు.

ఆయన కోరిక చిన్నది కాదు. ఆయనతో బర్మా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో, ఆయన్నీ కలుపుకుని, పదకొండు మంది మిగిలారు. ఏటా ఆడి నెల పద్దెనిమిదో నాడు, కావేరి పండగకు, అందరూ హొగెనకల్ వెళ్ళి, కావేరిలో మునిగి, బర్మాలోనే ఉండిపోయినవాళ్ళ పేరున నీళ్ళు వదులుతారు. వచ్చే ఆడికి బస్సులో కాదు, ఆ బండిలో వెళ్ళాలి. బండి ఆనాడు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఒక్క బోల్టు కూడా కొత్తది కనిపించకూడదు.

మామ సరేనన్నారు. ఎనిమిది నెలలు పట్టింది. వ్యాపారి వేసిన నీలం కింద పసుపు, పసుపు కింద ఇంకో నీలం, వాటన్నిటి కింద పాత పచ్చ. బ్లేడుతో గోకి గోకి ఆ పచ్చ దొరికినప్పుడు సుబేదారు దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. వెనక కూర్చునే పలకలు మాత్రం ఎంత కడిగినా చింతపండు వాసన పోలేదు. కొత్త పలకలు వెయ్యమని సుబేదారు అంటే మామ ఒప్పుకోలేదు. ఆనాటి పలకలు కావాలన్నది మీరే కదా, వాసనతో సహా తీసుకోండి అన్నారు.

పైన కప్పే గుడ్డ నా వంతు. ఆనాటి లెక్కన జనుపదారంతో కుట్టాలి. నేను పైకి జనుపదారమే వేసి, లోపల అతుకుల్లో మాత్రం నైలాన్ దారం నడిపాను. గట్టిగా ఉంటుంది, ఎవరికి కనిపిస్తుంది? సుబేదారు చూసి, అచ్చం అలాగే కుట్టినావమ్మా అని మెచ్చుకున్నారు. నేను పొంగిపోయి నిలబడి ఉండగానే మామ, లోపల నైలాన్ ఉంది, మా కోడలు చెప్పడం మరిచిపోయింది అన్నారు. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ రోజు ఆయన మీద పీకలదాకా కోపం. రాత్రి సంగటి కంచం ఆయన ముందు టక్కున పెట్టాను. ఆయన తిని, చెయ్యి కడుక్కుని లేచారు. మర్నాడు పొద్దున డబ్బీ, అగ్గిపుల్ల నా మిషను మీద ఉన్నాయి. అతుకు అతుకుకూ చుక్క పెట్టాను, మొత్తం ఇరవై మూడు. పెట్టేటప్పుడు తిట్టుకుంటూనే పెట్టాను, దాచడం లేదు.

అసలు గొడవ బ్రేకుల దగ్గర వచ్చింది. ఆ కాలపు బండికి నాలుగు చక్రాలకూ బ్రేకు ఆయిలు ఒకే దారిన పోతుంది. ఎక్కడ చిన్న చిల్లు పడినా నాలుగూ ఒక్కసారే చేతులెత్తేస్తాయి. పెన్నాగరం దాటాక హొగెనకల్‌కు దిగే ఘాటు రోడ్డు ఎలాంటిదో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి ఉండే కొత్త రకం బ్రేకులు వేస్తానని మామ అన్నారు. సుబేదారు ఒప్పుకోలేదు. ఈ బ్రేకుల మీదనే బర్మా కొండలు దిగినాము, దీన్ని మార్చితే అది మా బండి కాదు అన్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి సుబేదారు, పట్టాళం ముఖం చూడనివాడివి నీకేం తెలుసయ్యా అనేశారు. అంతవరకూ మీరు అని మాట్లాడిన మనిషి.

నేను మిషను ఆపేశాను. మామ మాత్రం చేతులకు కొబ్బరినూనె రాసుకుని, రంపపు పొట్టుతో మసి తుడుచుకుంటూ నిదానంగా చెప్పారు. షెడ్డు నుంచి బయటికి పోయే ఏ బండికైనా మొదటి ట్రయలు మా ఇంటివాళ్ళను కూర్చోబెట్టుకొని తోలడం ఆయన పద్ధతి. మా అత్త అలా ఎన్ని లారీలెక్కిందో లెక్కలేదు.

"సుబేదారయ్యా, ఈ బ్రేకులతో నా పెండ్లాన్ని, నా కోడల్ని ఎక్కించి ఆ ఘాటు దిగలేను. నా ఇంటివాళ్ళు కూర్చోలేని బండిని మీకు ఇయ్యలేను. మీ తొడలో కమ్మీ పెట్టినారు కదా, దానితో మీరు మీరు కాకుండా పోయినారా? అయినా ఇట్లే కావాలంటే, రేపు మీ ఇంటివాళ్ళను పిలుచుకొని రాండి. వాళ్ళను ఎక్కించండి, నేను తోలుతాను."

సుబేదారు వెళ్ళిపోయారు. ఎనిమిది నెలల పని, చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎదురుచూస్తున్న బండి. ఆయన దాన్ని సేలంలో ఇంకో షెడ్డుకు లాగించుకుపోతే మామ పేరు ఏమవుతుందని నాకు భయం. పదకొండు మంది ముసలివాళ్ళు ఆ బ్రేకులతో ఆ ఘాటు దిగడం తలుచుకుంటే ఇంకా భయం. మామ మాత్రం అన్నం తిని, నిండుగా నిద్రపోయారు.

మర్నాడు ఎనిమిదింటికి సుబేదారు వచ్చారు. ఒక్కరే వచ్చారు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, చక్రం పక్కన నిలబడ్డారు.

"అడుగుదామనే పోయినాను మేస్త్రీ. మనవరాలు నా ఒళ్ళో వచ్చి కూర్చునింది. నాకు నోరు రాలేదు," అన్నారు. కొంచెం ఆగి, "చుక్క పెట్టుకోండి" అన్నారు.

కొత్త బ్రేకులు పడ్డాయి. మనిషికొక బస్తా లెక్కన పదకొండు ఇసుక బస్తాలు ఎక్కించి, వాటి మధ్య మా అత్తను, నన్ను కూర్చోబెట్టి మామ హొగెనకల్ ఘాటు దిగారు. సుబేదారు ఆయన పక్కన. మా అత్త ఒళ్ళో పెరుగన్నం గిన్నె. నలభై ఏండ్ల సంసారంలో నన్ను ఊరు చూసేదానికి పిలుచుకొని పోయింది లేదు, ఎప్పుడూ బ్రేకు చూసేదానికే అని దారి పొడుగునా సణుగుతూనే ఉంది. ఒక బస్తాను ఆనుకుని, ఇది సుబేదారే అయి ఉండాల, ఎంత తోసినా జరగదు అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అన్నిటికంటే ఏటవాలుగా ఉన్న మలుపులో మామ కావాలనే బండి ఆపేశారు. బండి ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. ముందు నుంచి కేకేసి, అత్తాకోడళ్ళు ఎట్లుండారని అడిగారు. పెరుగు కూడా కదల్లేదని మా అత్త కేకేసింది. ఆ మాట విని సుబేదారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎక్కేదానికి ఇంజను చాలు, దిగేదానికి మనిషి కావాల" అని మామ ఎప్పుడూ అనేవారు. ఆ రోజు మాత్రం అనలేదు, ఆయనకు అవసరం కనిపించలేదనుకుంటాను.

ఆ ఆడికి పదకొండు మందీ అందులోనే వెళ్ళారు. ఊరూరా జనం రోడ్డు మీదికొచ్చి చూశారు. బండి మీరే తోలండని మామను అడిగితే, అది పట్టాళం బండి, పట్టాళంవాళ్ళే తోలాలి అన్నారు. వెనక పలక చివర, కిందికి దించే తోక తలుపు పక్కన కూర్చుని, చక్రాల చప్పుడు వింటూ వెళ్ళారు. ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు. ఏటికేడు లోపలి మనుషులు తగ్గుతూ వచ్చారు గాని, పలక చివర ఆయన చోటు ఆయనదే. బర్మాలో ఆయనవాళ్ళెవరూ లేరు. అయినా కావేరిలో దిగి అందరితో పాటు దోసిలి పట్టేవారట.

మళ్ళీ ఆ పొద్దుటికి వస్తాను. కండక్టరు చెప్పి వెళ్ళాక, మా ఆయనకు టెలిగ్రాం కొట్టించి, రైసుమిల్లు ఫోను నుంచి సుబేదారుకు కబురు చేశాను. గంటన్నరలో బండితో వచ్చారు. మా అత్తను, నన్ను ఎక్కించుకుని హరూరు వెళ్ళారు. మామను ఆ పలక మీదే పడుకోబెట్టి ఇంటికి తెచ్చుకున్నాం. దారంతా చింతపండు వాసన. మా అత్త ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, ఈ రోజు కూడా బ్రేకు చూసేదానికేనా నన్ను పిలుచుకొని వచ్చింది అని ఒక్కసారి అంది. ముందు స్టీరింగు పట్టుకున్న సుబేదారు భుజాలు కదలడం చూశాను, బండి మాత్రం ఎక్కడా కుదుపు లేకుండా వచ్చింది.

మా గుమ్మం ముందు మామను దించారు. అందరూ ఆయన వెంట లోపలికి వెళ్ళారు. సుబేదారు నన్ను ఆగమన్నారు. మామ చొక్కా జేబులోంచి తీసిన డబ్బీ ఆయన చేతిలో ఉంది, అగ్గిపుల్లతో సహా.

"మా బండికి మొదట లేనిది ఈయనే కదమ్మా. చుక్క పెట్టద్దా?" అన్నారు.

డబ్బీ నా చేతిలో పెట్టారు. నేనే పలక ఎక్కాను. తోక తలుపు పక్కన, ముసలి చెక్క మీద, మామ కూర్చునే చోట ఒక చుక్క పెట్టాను. ఎండకు అది ఆరేదాకా సుబేదారు కుంటికాలి మీద నిలబడే ఉన్నారు.