మిద్దె మీద దుర్బీను

నిన్న మధ్యాహ్నం ఎమ్మిగనూరులో మా మిద్దె మీద ఎండుమిరపకాయలు తిరగేస్తున్నాను. నీళ్ల ట్యాంకు నీడలో మా మనవరాలు గోడకు చేరగిలబడి ఫోన్లో కాల్పుల ఆట ఏదో ఆడుతోంది. ఆకాశంలోంచి ఎవరో మన మీదికి దిగి వస్తారట, వాళ్లను ఇది కాల్చి పడగొట్టాలట. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి "రారా! రా! ఇంకా దగ్గరికి రా!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. నా చేతిలో మిరపకాయలు చేతిలోనే ఉండిపోయాయి. గబగబా పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి చూశాను. కూరగాయల బండతను ఎవరికో వంకాయలు తూస్తున్నాడు. ఎదురింటావిడ వాకిట్లో గిన్నెలు కడుగుతోంది. ఒక్కరూ తలెత్తలేదు. మంచిదే, పిల్లకు ఏమీ కాలేదు, అంతకంటే కావలసింది ఏముంది? అయినా నాకు ఒళ్లు భగ్గుమంది. మనవరాలి మీద కాదు, వీధి మీదా కాదు. ఎప్పుడో ఆదోనిలో అంటుకున్న మంట అది. "ఏమైంది నానీ?" అంది పిల్ల. నానీ అంటే మా ఇళ్లల్లో అమ్మమ్మ. "ఏం లేదు, ఆడుకో" అన్నాను. ఏం లేదా, నా తలకాయ! చాలా ఉంది. చెబుతాను.

ఆదోనిలో మా పుట్టిల్లు ఒక పత్తి జిన్నింగు మిల్లుకు వెనకవైపు ఉండేది. ఊరంతా పత్తి కాబట్టి మా ఇల్లూ పత్తే. గాలి ఇటు మళ్లిందంటే దూది పింజలు ఎగిరి వచ్చి ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెలో, చివరికి అమ్మీ నూరిన చట్నీలో కూడా వాలేవి. మా అబ్బాకు, అంటే నాన్నకు, పరుపులు కుట్టే అంగడి. పొద్దంతా దూదిలో ఉండి, ఇంటికొచ్చాక చట్నీలో దూది కనిపిస్తే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ, నేను చదివేది తెలుగు బడి. అందుకని నా నోట్లో రెండు భాషలూ పని పంచుకున్నాయి. అన్నం అడగాలంటే ఉర్దూ, ఏడవాలంటే ఉర్దూ. లెక్కలు, తగాదాలు, ఆటలు మాత్రం తెలుగు. కబడ్డీలో అయినా, తొక్కుడుబిళ్లలో అయినా ఎదుటివాళ్లను కవ్వించాలంటే తెలుగంత సుఖమైన భాష ఇంకొకటి లేదని నేను ఇప్పటికీ అంటాను. ఆ సుఖమే నా కొంప ముంచింది.

ఎనభైల మొదట్లో మా మామూ, అంటే అమ్మీ తమ్ముడు, కువైట్‌ నుంచి వచ్చాడు. అక్కడ లారీ తోలేవాడు. పెట్టె తెరిస్తే ఇల్లంతా సబ్బుల వాసన, సెంటు వాసన. అందరికీ బట్టలు పంచాక అడుగు నుంచి ఒక అట్టపెట్టె తీసి మా తమ్ముడి చేతిలో పెట్టాడు. లోపల నీలం రంగు ప్లాస్టిక్‌ యంత్రం. రెండు కళ్లకు రెండు కంతలు, పట్టుకోవడానికి రెండు పక్కలా పిడులు. పెట్టె మీద అంతా ఇంగ్లీషు. అబ్బా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "దుర్బీను!" అన్నాడు. దుర్బీను అంటే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే సాధనం. మామూ పాపం, "అది కాదు బావా, ఇది ఆట, వీడియో గేము" అని చెప్పబోయాడు. ఎవరు వింటారు? ఇంటి యజమాని పేరు పెట్టేశాడు. ఆ సాయంత్రానికే వీధంతా మా ఇంటికి దుర్బీను వచ్చిందని తెలిసిపోయింది. ఆ పేరు పెట్టింది నా కన్నతండ్రే అన్న సంగతి మీరు దయచేసి గుర్తుపెట్టుకోండి.

దుర్బీనులో దూరం కనిపిస్తుంది. ఇందులో మనమున్న ఊరు కూడా కనిపించదు. కళ్లకు ఆనించగానే ఆదోని మాయమైపోయేది. నల్లటి ఆకాశం, లోతుగా చుక్కలు, నట్టనడుమ తుపాకీ గురి. ఎక్కడో అడుగున ఆవగింజంత మెరుపు పుట్టి, పెద్దదై, ఇంకా పెద్దదై, వేరే లోకపు ఓడగా మారి మన ముఖం మీదికే వచ్చేది. గురిలోకి రానిచ్చి వేలి కింద మీట నొక్కాలి. ముందుగా నొక్కితే తప్పిపోతుంది, ఆలస్యమైతే మనమే పోతాం. ఆ ఆటలో మనకొక బొమ్మ ఉండదు. చూసే కళ్లే మనం. పన్నెండేళ్లు నిండినప్పటి నుంచి "ఓణీ సర్దుకో, కిటికీ దగ్గర నిలబడొద్దు, ఎవరైనా చూస్తారు" అని వినీ వినీ చెవులు దిమ్మెక్కిన దాన్ని. ఇందులో నన్ను చూసేవాడు ఒక్కడు లేడు, నేనే అందర్నీ చూస్తాను, నేనే కాలుస్తాను. నాకెంత ఇష్టంగా ఉండేదో మీకెలా చెప్పేది!

అయితే దానికొక చిక్కుంది. లోపల దీపం లేదు. నెత్తిన తెల్లటి అద్దంలాంటి పలక ఉండేది, దాని మీద ఎండ పడితేనే లోపల ఆకాశం కనిపిస్తుంది. మా ఇంట్లో గదికొక బల్బు, అదీ వోల్టేజీ లేక ఎర్రగా ఏడుస్తూ ఉండేది. అందుకని ఆడాలంటే మిద్దెక్కాల్సిందే. మొదటి వారం మా తమ్ముడు పొద్దస్తమానం మిల్లు వైపు తిరిగి నిలబడి ఆడాడు, ఎవరూ కిమ్మనలేదు. తర్వాత వాడికి తలనొప్పి పట్టుకుంది, గాలిపటాల మీదికి పోయాడు. దుర్బీను నాదైంది.

అది నేను తొమ్మిది పాసైన వేసవి. పదో తరగతి పాత పుస్తకాలు తెచ్చి, అట్టలు వేసి, గూట్లో పెట్టుకున్నాను. మా ఇంటి ఆడపిల్లల్లో పది దాకా వచ్చింది నేనే. పది రాస్తాను, టీచర్‌ ట్రైనింగ్‌కు పోతాను అని అబ్బాతో ఒప్పందం కూడా అయిపోయింది. "సదువుకో బేటీ, ఎవరొద్దన్నారు" అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు నమ్మాను. ఇంట్లో వాళ్లు కునుకు తీసే మధ్యాహ్నం వేళ, బండలు అరికాళ్లు కాలుస్తున్నా, మిద్దె మీద నిలబడి లోకాన్ని కాపాడేదాన్ని. ఓడ గురిలోకి రావాలి కదా, అది వచ్చేదాకా ఊరుకోగలమా? "రా! రారా! దగ్గరికి రా, సెప్తా నీ కథ!" అని అరిచేదాన్ని. నా ముఖం తిరిగి ఉన్నది మిల్లు ఆవరణ వైపని, అక్కడ హమాలీలు చొక్కాల్లేకుండా పత్తి బేళ్లు లారీలకెక్కిస్తున్నారని నాకేం తెలుసు? నేను ఆదోనిలో ఉంటే కదా!

ఎదురింటావిడ మాత్రం ఆదోనిలోనే ఉంది. ఆమె నిద్రపోని రకం. ఒకనాడు అబ్బా అంగడికే పోయి చెప్పి వచ్చింది. "అన్నా, సెప్పకూడదు గానీ సెప్పకుండా ఉండల్యాక సెప్తాండా. మీ పాప దినామూ మిద్దెక్కి దుర్బీను పెట్టుకోని మిల్లులో హమాలోళ్లను సూస్తాండాది. సూస్తే సూసింది, రారా, దగ్గరికి రా అని పిలుస్తాండాది గదన్నా!"

ఆమె మా మతం కాదు. అయితేనేం, ఆడపిల్ల మీద చాడీ చెప్పడానికీ వినడానికీ మతాల మధ్య ఎంత సఖ్యత ఉంటుందో ఆ రోజు చూశాను. అబ్బా అంగడి మూసి, తన అన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన్ను మేం బడేఅబ్బా అనేవాళ్లం. ఆయన గొంతు సవరించుకుంటే ఇంట్లో పిల్లులు కూడా బయటికి పోయేవి. ముందు గదిలో ఇద్దరూ కూర్చుని నన్ను పిలిచారు. మాటలు జరిగింది ఉర్దూలో, నేను చెబుతున్నది మా ఊరి తెలుగులో.

"ఎవర్ని పిల్సినావు?" అన్నాడు బడేఅబ్బా.

"ఎవర్నీ కాదు. అది ఆట. ఆకాశంలోంచి వచ్చేటోళ్లను పిల్సినాను."

"ఆకాశంలోంచంట! లారీ మీద నుంచి కాదా?"

నేను దుర్బీను తెచ్చి అబ్బా ముందు పెట్టాను. "ఒక్కసారి పెట్టుకోని సూడబ్బా. దీంట్లో మిల్లు కనపడదు, బజారు కనపడదు. నీ కాళ్లు మొక్కుతా, సూడు." అబ్బా చెయ్యి సగం లేచింది. నిజంగా లేచింది, నేను చూశాను. ఈలోగా నాకే గుర్తొచ్చింది, ఆ చీకటి గదిలో చూస్తే ఏమీ కనిపించదు కదా అని. "ఈడ కాదబ్బా, మిద్దె మీదికి రా, ఎండలోనే కనపడేది" అన్నాను.

"సూసినావా! మళ్లా మిద్దెక్కుతాదంట!" అన్నాడు బడేఅబ్బా. "ఆడపిల్ల సిగ్గిడిసి సూసిందాన్ని మనం సూడాల్నా? బడి మానిపించు, సంబంధం సూడు." అబ్బా చెయ్యి ఒళ్లోకి వెళ్లిపోయింది. మా తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు. వాడు వారం రోజులు ఆడినవాడే కదా, వాడినైనా ఒక్క మాట అడగలేదు.

అంతే. జూన్‌లో బడి తెరిచారు, నేను పోలేదు. అట్టలు వేసిన పుస్తకాలను పక్కవీధి పిల్ల పట్టుకుపోయింది. మరుసటి ఏడు నన్ను ఎమ్మిగనూరుకు ఇచ్చారు. ఆ బడేఅబ్బా మీద, ఆ ఎదురింటావిడ మీద నాకున్న కోపం పెద్ద కోపమేమీ కాదు. వాళ్లు మొదటి నుంచీ అంతే. నా కడుపు మండేది అబ్బాను తలుచుకుంటే. ఆయన మంచివాడు. మంచివాడికి కళ్లుండవా? లేచిన చెయ్యి ఇంకొక్క జానెడు ముందుకు రావడానికి ఏమొచ్చింది?

నా పెళ్లి పెట్టెలో చీరల అడుగున అమ్మీ ఆ దుర్బీను పెట్టి పంపింది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. అత్తగారింట్లో పెట్టె సర్దుతుంటే మా ఆయన కంటపడింది. ఆయన దాన్ని మిద్దె మీదికి పట్టుకుపోయి, కళ్లకు పెట్టుకుని, ఆటలో రెండు నిమిషాలకే చచ్చిపోయి, పగలబడి నవ్వుతూ దిగివచ్చి, "దీనికి కొత్త బ్యాటరీ సెల్లులు తెస్తా, నాకూ నేర్పీ" అన్నాడు. ముక్కూముఖం తెలియని మనిషి వచ్చీ రాగానే చేసిన పని అది. ఆ రాత్రి నేనెందుకు ఏడ్చానో ఆయనకు అర్థం కాలేదు.

నా కూతురికి మాటలు బాగా వచ్చాక, ఇంకా ఎనభైలు దాటకముందే, అబ్బా మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. మనవరాలంటే ఆయనకు ప్రాణం. భోజనాలయ్యాక అది తాతను వేలు పట్టి మిద్దెక్కించింది. నేను తమలపాకుల పళ్లెం పట్టుకుని వెనకే ఎక్కాను. నేను పైకి చేరేసరికి అది తాతను కూర్చోబెట్టి, దుర్బీను ఆయన ముఖానికి అదిమి, "సూడు తాతా, రారా అను" అంటోంది. చిన్నపిల్ల మాట కాదనలేక చూశాడు. ముందు కుడివైపు తిరిగాడు. తర్వాత ఎడమవైపు. దించి కళ్లు నులుముకుని, ఎదురుగా ఉన్న వీధిని చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. వీధిని వెతుకుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. పళ్లెం కింద పెట్టకుండా అలాగే నిలబడ్డాను.

"దీంట్లో బజారు కనపడదే" అన్నాడు చివరికి.

"కనపడదు అబ్బా. ఆ పొద్దు కూడా కనపడలేదు."

పిల్ల దుర్బీను లాక్కుంది. ఆయన నా వైపు చూడకుండా, "అప్పుడే సెప్పింటే బాగుండు గదమ్మా" అన్నాడు.

"సెప్పినాను" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను, అప్పటికే కిందికి దిగిపోయాను. ఆయన పోయి చాలా కాలమైంది. క్షమించావా అని ఎవరైనా అడిగితే, లేదనే చెబుతాను. పిల్ల లాక్కునేదాకా అబ్బా దాన్ని కళ్ల దగ్గర పెట్టుకున్నది ఒక తమలపాకుకు సున్నం రాసేంత సేపు. ఆ వేసవిలో నేను అడిగింది కూడా అంత సేపే.