నాన్న కెమెరా, తాళాల గుత్తి

హైదరాబాద్ నుంచి కెమెరా కొనేవాడు ఆదివారం వస్తానని, ఈలోగా లెన్సుల్లో ఫంగస్ ఉందేమో చూసి చెప్పమని ఫోన్ చేస్తే, నాన్న పోయాక తొమ్మిది నెలలుగా ముట్టుకోని నల్లపెట్టెను నిన్న మధ్యాహ్నం మంచం కింద నుంచి లాగాను. కెమెరా, మూడు లెన్సులు, గుడ్డలో చుట్టిన తాళాల గుత్తి. లెన్సులు కడిగిన అద్దాల్లా ఉన్నాయి. ఒక్కదానికైనా బూజు పట్టి ఉంటే అమ్మకపోవడానికి సాకు దొరికేదనిపించింది.

నరసరావుపేట చుట్టుపక్కల పెరిగిన నా ఈడువాళ్లకు పాతకాలం ఫోటో స్టూడియో ఒకటి గుర్తుండే ఉంటుంది, గోడకు ఎత్తిపోతల జలపాతం తెర, దాని ముందు ఎత్తు స్టూలు. నాన్నదీ అంతే. ఫిలిం రోలుకు పన్నెండు ఫోటోలే వచ్చే పెద్ద కెమెరా, పైనుంచి తల వంచి చూడాలి, ఆయన చూస్తుంటే ఎవరికో దండం పెడుతున్నట్టుండేది. నకరికల్లు నుంచో సత్తెనపల్లి నుంచో పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్లు చిటికెలేసి, చప్పట్లు కొట్టి అలిసిపోతే, "మీరంతా కాసేపు నోరు మూసుకోండమ్మా, పిల్లోడు ఎంతమందిని చూడాల?" అని కసిరి, కెమెరా వెనక, కనపడకుండా, తాళాల గుత్తి ఒక్కసారి ఆడించేవాడు. గుత్తి కనిపిస్తే పిల్లలు దాన్నే చూస్తారట, చప్పుడు మాత్రమే వినిపిస్తే లెన్సువైపు చూస్తారట. పిల్ల తల తిప్పేది, ఆయన మీట నొక్కేవాడు. రెండోసారి ఆడించగా నేను చూడలేదు.

నా కూతురి మొదటి పుట్టినరోజుకు, స్టూడియో మూసేసి ఎన్నో ఏళ్లయినా, ఎక్కడినుంచో రోలు తెప్పించాడు. చాపమీద పిల్ల గిన్నెలతో ఆడుకుంటోంది. గుత్తి ఆడించాడు. మళ్లీ ఆడించాడు. మూడోసారికి అందరూ నవ్వారు, నాన్న నవ్వలేదు. నా పక్కన కూర్చుని మెల్లగా, "అమ్మాయ్, పిల్లకి చెవులు చూపించాల" అన్నాడు.

"ఏంది నాన్నా, పండగపూట ఆ మాటలు. ఆటలో పడి చూళ్లా, అంతే."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఇంటికొచ్చినప్పుడల్లా పిల్ల వెనక ఎక్కడో గుత్తి ఒక్కసారి మోగేది. ఒకరోజు విసుగొచ్చి, ఈసారి వచ్చేటప్పుడు ఆ తాళాలు తేవద్దన్నాను. తేలేదు. గుడ్డలో చుట్టి పెట్టెలో దాచాడని నిన్నే తెలిసింది.

రెండేళ్లు దాటినా పిల్ల అమ్మా అనలేదు. అప్పుడు గుంటూరు తీసుకెళితే, రెండు చెవులకూ మిషన్లు పెట్టాలని, మాటలు నేర్పించాలని చెప్పి, ఏడాది ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఆ ఏడాది నేను పోగొట్టిందే. అది వినడానికి నాన్న లేడు. కెమెరా అమ్మితే మిషన్లు వస్తాయి. నేను ఇవ్వలేనని ఏడిస్తే మా ఆయన, "ఉంచుకుని ఏం జేస్తావ్? అది చెప్పాల్సింది అప్పుడే చెప్పింది. మనమే విన్లా" అన్నాడు.

ఇప్పుడు ఫోన్లో వంద తీసి, పిల్ల మనవైపు చూసిన ఒక్కటీ ఉంచుకుని మిగతావి చెరిపేస్తాం. తొంభైతొమ్మిదిసార్లు ఎందుకు చూడలేదని ఎవరూ అడగరు. రోలులో పన్నెండే ఉన్నవాడు కాబట్టి నాన్న అడిగాడు.

ఫంగస్ లేదని కొనేవాడికి చెప్పేశాను. తాళాలు అతనికి అక్కర్లేదు. పిల్ల లెన్సు మూతలు ఒకదానిమీద ఒకటి పేరుస్తుంటే, వెనక నిలబడి గుత్తి ఆడించాను. ఇంకో మూత పెట్టింది.

రెండోసారి ఆడించాను.